నెత్తలికి నాను కట్టిన ఇల్లు

కూసోండి, కూసోండి. టీ మరుగుతన్నాది. సూరీ, నువ్వూ మీ తమ్ముడూ ఆ సెక్క పెట్టె మీద సర్దుకోండి. గట్టిదే, ఏనుగెక్కినా ఇరగదు. నాను ఇక్కడ అరుగు మీద కూసుంటాను.

మా పిల్లి సంగతి అడిగినావు కదా. ఆ బొచ్చు ఎందుకలగ మచ్చలు మచ్చలుగా ఊడిపోనాది, ఆ సెవి అంచు ఎవులు కొరికీసినారు అని. ఎవులూ కొరకలేదు. దాని ఒంటికి అంత పని సేసినోడ్ని పట్టుకోడానికి నాను మొన్నటి ఎండాకాలం ఊరంతా గాలించీసినాను. పెద్ద దగ్గర పంచాయితీ పెట్టించినాను. పేట టౌన్లో పశువుల ఆసుపత్రి దాకా ఎల్లినాను. ఆఖరికి దొరికినాడు. ఎక్కడున్నాడనుకున్నావు? నా లుంగీలోనే ఉన్నాడు యెదవ.

నవ్వకు. ముందు ఇను.

ఆ పిల్లి పేరు నెత్తలి. నెత్తల్లు తెలుసు కదా, సిటికెనేలంత సేపలు. దొరికినప్పుడు అదీ అంతే ఉన్నాది. మా ఐసు పెట్టెలో నెత్తల్ల మీద బోర్లా పడి నిద్రపోతన్నాది. తినడానికొచ్చి, తిని తిని, దిగలేక అక్కడే పడుకుండిపోనాది. బయటకి ఇసిరీబోతే మా అమ్మ లాగీసుకుని ఒళ్లో ఏసుకున్నాది. "ఇది నాదిరా, సెయ్యెయ్యకు" అన్నాది.

ఆ ఏడాదే అమ్మకి సూపు మందగించినాది. ఇప్పుడైతే ఎలుగుందా లేదా అన్నంత వరకే తెలుస్తాది. నెత్తలే ఆవిడకి కళ్లు. మన ఇంటి మనిసి గుమ్మం తొక్కితే నెత్తలి కూత పెట్టుకుంటా ఎదురెల్తాది. తెలీనోలొస్తే సప్పుడు సెయ్యకుండా మంచం కిందకి దూరీస్తాది. అమ్మ మంచం మీద కూసునే కనిపెట్టీస్తాది. పిల్లి కూత ఇనబడకపోతే, "ఎవుల్రా, కొత్తోలా?" అని అడుగుతాది. ఒక్కసారి కూడా తప్పలేదు. మనిసికి రెండు కళ్లే ఉంటాయి, మా అమ్మకి నాలుగు కాళ్లూ ఒక తోకా ఉన్న కళ్లు.

అలాటి పిల్లికి ఇల్లు ఉండొద్దా? ఎండాకాలం కదా, గవర్నమెంటోలు సేపల వేట బందు పెట్టినారు. బోట్లన్నీ ఇసక మీదకెక్కినాయి. నాకు పనేటున్నాది, తిని కూసోడమే. మా నాయన పడవ పాత పలకలు దొడ్లో పడున్నాయి. రెండ్రోజుల్లో కొట్టీసినాను. పైన ఏటవాలు కప్పు, ముందు తలుపు, ఆ తలుపుకి గాలి ఆడ్డానికి సందులు. ఈ జిల్లాలో కలెక్టరు గారి పిల్లికి కూడా అలాటి ఇల్లు లేదు, పందెం.

ఇంక పూత. ఈ రేవులో అందరివీ ఫైబర్ బోట్లే. సెక్క పడవ మిగిలినాది నాదొక్కటే. దానికి ఏడాదేడాదీ మా నాయన సెప్పినట్టే జీడి నూని పూస్తాను. జీడిపిక్కల తొక్కలోంచి తీసే నూని, నల్లగా, జిగటగా ఉంటాది. అది పట్టించిన సెక్కకి పురుగు రాదు, నీరు రాదు. ఒకపాలి తాటిసెట్టంత కెరటం నా పడవ మీద పడి దిగిపోనాది, నా నోట్లో సుట్ట ఆరలేదు. సూరీ, అలగ సూడకు. ఆరలేదంతే.

ఆ నూని ముట్టుకునే ముందు సేతులకి దట్టంగా కొబ్బరినూని రాసుకోవాల. పూసినాక ఎండలో పెట్టి, అరసెయ్యి ఆనించి తీస్తే నలుపు అంటకుండా ఆరాల. అప్పుడే పడవెక్కాల. మా నాయన నాకు నేర్పిన సదువు అంతే, అది నాకు నిద్రలో కూడా వస్తాది.

పడవకైతే రెండు పూతలే ఏస్తాను. నాను నెత్తలి ఇంటికి మూడేసినాను. ఎండలో పెడితే సెక్క పగుల్తాదని నీడలో, సూరు కింద పెట్టినాను. సాయంత్రానికే నెత్తల్ని అందులో దూర్చి తలుపేసినాను. అది బయటకొచ్చీసి తుమ్మినాది. గొప్పింటికి అలవాటు పడ్డానికి టైం పడుతాదని మళ్లీ దూర్చినాను. లోపల నాలుగు ఎండు నెత్తల్లు ఏస్తే ఉండిపోనాది. అక్కడ్నించి దాని పగలూ రాత్రీ అందులోనే.

పది రోజులు తిరిగే ఏలకి అమ్మ పిలిచినాది.

"ఒరే అప్పన్నా, దీని మెడ కింద బొచ్చు లేదురా. సెయ్యి పెడితే ఒట్టి సర్మం తగుల్తన్నాది."

సూసినాను. మెడ కిందా, పొట్ట కిందా ఎర్రగా ఉన్నాది. గోకుతాది, నాకుతాది, మళ్లీ గోకుతాది. "గజ్జమ్మా ఇది, కుక్కల్నించి అంటుకుంటాది. నాకొదిలీ" అన్నాను. ఏపనూని, పసుపు కలిపి ఒళ్లంతా రుద్దీసినాను. పచ్చగా పెళ్లికూతుర్లా తయారైనాది. గాలి తగలకుండా రెస్టు కావాలని పట్టుకెల్లి దాని ఇంట్లో పెట్టి తలుపేసినాను.

నాలుగు రోజుల్లో ఎరుపు కాస్తా నల్ల పొక్కులైనాయి. సెవి అంచు ఎండిన ఆకులా ముడుసుకుపోనాది.

మా ఆవిడ నూకాలు అన్నాది, "ఆ పెట్టెలో సీమలేమైనా ఉన్నాయేటో సూడండి. అందులోంచి వచ్చినాకే ఎక్కువ గోక్కుంటన్నాది."

నాకు ఒళ్లు మండిపోనాది. నాను కట్టిన ఇంట్లో సీమలా? "ఒసే, ఆ సెక్కలో సీమ కాలు పెడితే కాలు ఊడిపోతాది" అన్నాను. అయినా ఆడమనిసి నోరు మూయించాలని, పలకల మధ్య సందులు కనిపించకుండా ఇంకో పూత ఏసీసినాను. అది నాలుగో పూత. నా సేతులకి కొబ్బరినూని రాసుకోడం మాత్రం మర్సిపోలేదు. ఎప్పుడూ మర్సిపోను.

దాంతో నెత్తలి నడవడం మానీసినాది. పాదాలు పగిలిపోనాయి. ఒక్కో అడుగూ తడి ఇసక మీద నడిసినట్టు ఏస్తన్నాది. గుమ్మం సప్పుడైనా ఎదురు రాడం లేదు. నాను లోపలికి ఎల్తే అమ్మ మొదటిసారి నన్ను అడిగినాది, "ఎవుల్రా?" అని.

అది నాకు గుండెలో దిగినాది. కానీ నా నోరు ఊరుకుంటాదా? "ఇంక లాభం లేదమ్మా, సముద్రం ఉప్పులో ఒక్క ముంచు ముంచితే తగ్గని కురుపు లేదు. నా మోకాలికి సొర సేప కరిసినప్పుడు అలగే మానినాది" అన్నాను. సొర కరిసినాదన్నది, అదే, సొరే అనుకో. సీకట్లో సరిగ్గా కనిపించలేదు.

గోనెలో ఏసుకుని రేవుకి ఎల్లినాను. మొలలోతు నీటిలోకి దిగి, గోనె ఇప్పి, ముంచినాను.

పచ్చి పుండు మీద ఉప్పు నీరు. నాను మనిసినే, నాకు ఆలోచన రావద్దా? అది అరిసిన అరుపు పిల్లి అరుపులా లేదు. నా సెయ్యి పట్టుకుని బుజం ఎక్కినాది, బుజం మీంచి మెడ, మెడ మీంచి నెత్తి. ఇరవై గోళ్లూ నెత్తిలో దింపీసి కూసున్నాది. నాకు కళ్లలోకి నెత్తురు కారతన్నాది. రేవంతా వలలు బాగుసేసుకునే జనం. ఒక్కడు వచ్చి సాయం పట్టలేదు.

మా ఆవిడ తమ్ముడు రాములు, అక్కడే తన ఫైబర్ బోటు మీద కూసుని ఉన్నాడు. "బావ, కిరీటం బాగున్నాది. ఇటు తిరుగు, ఫోటో తీస్తాను" అన్నాడు. తీసినాడు కూడా. ఇప్పటికీ ఆడి ఫోన్లో ఉన్నాది.

నాను ఒడ్డుకొచ్చినాను. గీరుకుపోయిన సోటల్లా ఉప్పు తగిలి ఒళ్లంతా దురద. గోక్కుంటా రాములు వైపు సూసినాను. ఆడు బోటు పగుల్ని మిషన్ పెట్టి రాపిడి సేస్తన్నాడు. తెల్లగా దుమ్ము లెగుస్తన్నాది. ఆ ఫైబర్ దుమ్ము ఒంటి మీద పడితే ఎలగ దురదెడతాదో మీకూ తెలుసు. అదిగో, అప్పుడు నా బుర్రలో లైటు ఎలిగినాది. దుమ్ము. గాలి. మా ఇల్లు రేవుకి దగ్గర. నెత్తలి.

"ఒరే రాములూ, నా పిల్లిని సంపుతన్నది నువ్వేరా" అన్నాను.

"నానా? ఇప్పుడే కదా నువ్వు ముంచి సంపబోనావు."

"నీ దుమ్మురా. నీ ఫైబర్ దుమ్ము. మా నాయన సెక్క పడవతో ముప్పై ఏళ్లు బతికినాడు, ఏ పిల్లికీ దురద రాలేదు."

"మీ నాయనకి పిల్లుందేటి?"

లేదు. కానీ ఆ మాట ఆడికెందుకు సెప్పాల? తిన్నగా ఎర్రయ్య తాత దగ్గరకి ఎల్లినాను. మా ఊరి పెద్ద ఆయన. వలల పాక దగ్గర పదిమంది మధ్యలో కూసున్నాడు. నెత్తల్ని గోనె మీద పడుకోబెట్టి సూపించినాను. ఆ పుండ్లు సూసి నవ్వేవోలు కూడా నవ్వు ఆపీసినారు. నాను దుమ్ము గురించి సెప్పినాను. గాలి ఎటునించి ఎటు ఈస్తాదో ఇసక మీద గీసి సూపించినాను. నాకు మాటలు వస్తాయి కదా, ఇంకేటి కావాల. తాత రాములుతో అన్నాడు, "బోటు సముద్రంలో ఏరు కలిసే సోటికి జరిపీ. ముసిల్దాని పిల్లిరా. కాదనకు."

రాములు పదిమందిని పిలుసుకుని మిట్టమజ్జానం, కాలే ఇసకలో ఆ బోటుని మైలు దూరం ఈడ్సుకెల్లినాడు. నూకాలు నాతో మాటాడ్డం మానీసినాది. పుట్టింటోల్లతో పేచీ అంటే మాటలా? నాను మాత్రం గెలిసినోడిలా అరుగు మీద కాలు మీద కాలేసుకుని కూసున్నాను.

దుమ్ము పోనాది. నెత్తలికి ఇంకా ఎక్కువైనాది.

ఇప్పుడు నోట్లో పుళ్లు. నాకి నాకి నోరు కూడా ఉడికిపోనాది. సొంగ కారతన్నాది. ఎండు నెత్తలి నోటి దగ్గర పెడితే వాసన సూసి మొహం తిప్పుకున్నాది. నెత్తలి నెత్తల్లు తినకపోడం ఆ రోజే సూసినాను. అమ్మ కూడా ఆ పూట కంచం ముట్టలేదు. "అది తిననీరా, తింటాను" అన్నాది.

మరి పేట ఎల్లక తప్పలేదు. ఐసు పెట్టెకి సిల్లులు పొడిసి, అడుగున అమ్మ పాత సీర పరిసి, అందులో పెట్టి ఆటో ఎక్కినాను. పశువుల ఆసుపత్రిలో డాక్టరమ్మ సిన్న పిల్లే, మా కూతురీడు. కానీ నెత్తల్ని పట్టుకున్న తీరు సూస్తే నాకు దండం పెట్టాలనిపించినాది. సెవి సూసినాది, పొట్ట సూసినాది, పాదం తిప్పి సూసినాది. ఆ పాదం దగ్గర సాలాసేపు ఆగినాది.

"ఇది గజ్జిలా లేదండీ. ఏదో కాలినట్టుంది. ఈ మధ్య ఇంట్లో కొత్తగా ఏమైనా వాడారా? ఫినాయిలు, పెయింటు, పురుగుమందు?"

"ఏటీ లేదమ్మా."

"ఎక్కడ పడుకుంటుంది?"

సూరీ, ఇక్కడ ఇను. ఇక్కడ నాను ఒక్క నిజం మాట సెప్పుంటే ఈ కత ఇక్కడితో అయిపోను. పాత పడవ పలకలమ్మా, జీడి నూని పూసినానమ్మా అని. అంతే కదా? కానీ బల్ల సుట్టూ గేదెల్ని తెచ్చిన రైతులు నిల్సుని ఇంటన్నారు. సేపలోడు పిల్లిని మోసుకొచ్చినాడని అప్పటికే నవ్వుకుంటన్నారు. పాత పలకలని ఎలగ సెప్పను?

"దానికి సొంత ఇల్లుందమ్మా. టేకు సెక్క. సాలూరు నుంచి లారీ మీద తెప్పించినాను. పాలిష్ కూడా ఎయ్యలేదు, అద్దంలా ఉంటాది."

రైతులు ఒకల మొహాలు ఒకలు సూసుకున్నారు. నాకు సాతీ పొంగినాది.

"అయితే మంచిదే. అలా శుభ్రంగా ఉన్న చోటే ఉంచండి. బయట తిరగనివ్వకండి. ఏం తగిలి ఇలా అవుతోందో తెలిసేదాకా ఆ ఇంట్లోనే తలుపు వేసి ఉంచండి" అన్నాది డాక్టరమ్మ. ఇంజెక్షన్ ఏసినాది, పూతమందు ఇచ్చినాది, తన ఫోన్ నెంబరు సీటీ మీద రాసి ఇచ్చినాది.

ఆవిడ సెప్పినట్టే సేసినాను. నాలుగు పూతల ఇంట్లో పెట్టి తలుపేసి, గడియ పెట్టినాను. మూడు రోజులు.

మొదటి రోజు లోపల గోడలు గీకినాది. రెండో రోజు గీకలేదు. మూడో రోజు తల ఎత్తలేదు.

అమ్మ ఆ పెట్టె పక్కన సాప ఏసుకుని కూసున్నాది. తలుపు సందులోంచి సెయ్యి లోపలికి పెట్టి, నెత్తలి గొంతు మీద ఏలు ఆనించి, గడపకే మోసెయ్యి ఆనించి, అలగే ఉండిపోనాది. మధ్య మధ్యలో ఒక మాట అంటాది, "ఉన్నాది." అంతే. నాను వల కుడతన్నా, నూకాలు బియ్యం కడుగుతన్నా, సెవులు అటే. కొంచెం ఆలస్యమైతే ఇద్దరం సేతిలో పని ఆపీసి సూస్తాం. "ఉన్నాది" అంటాది. మళ్లీ పనిలో పడతాం. ఇంట్లో మూడు రోజులూ ఆ ఒక్క మాటే ఉన్నాది.

మర్నాడు పొద్దున్న నూకాలు కేకేసినాది. "ఇటు రండి, అత్త సెయ్యి సూడండి."

అమ్మ కుడి సెయ్యి మోసేతి దాకా వాసిపోనాది. నీటి పొక్కులు. వాటి సుట్టూ నల్ల అంచు. అచ్చం నెత్తలి పొట్ట మీదున్నట్టే.

అంటుకున్నాది. పిల్లి రోగం అమ్మకి అంటుకున్నాది. ఇంక దేని గురించీ ఆలోచించలేదు, గోనె తీసుకున్నాను. ఏరు దాటించి అవతల సరుగుడు తోటలో ఒదిలీసి వచ్చీయాల. బతికితే బతుకుతాది, లేపోతే లేదు. గడియ తీసినాను.

"ఏటి తీసినావురా? గోనేనా?" అన్నాది అమ్మ. సూపు లేకపోయినా గోనె సప్పుడు తెలుసు ఆవిడకి.

"దీన్నింక ఉంచలేమమ్మా. రేపు నీకేమైనా అయితే?"

"కింద పెట్టు."

"అమ్మా..."

"కింద పెట్టరా."

పెట్టినాను. ఆవిడ ఆ వాసిన సెయ్యి ముక్కు దగ్గరికి తెచ్చుకుని వాసన సూసినాది. ఎడం సేతి ఏళ్లతో పొక్కుల్ని ఒక్కొక్కటే తడిమినాది. సాలాసేపు. తర్వాత పెట్టె కప్పు మీద ఏలు రాసి, ఆ ఏలు వాసన సూసినాది.

"ఇది రోగం కాదురా. ఇది నాకు తెలిసినదే. పెళ్లికి ముందు పలాస వైపు జీడి బట్టీల్లో పిక్కలు కొట్టినాను. రెండు సేతులూ ఇలగే ఉండేవి. పెళ్లిపీటల మీద మీ నాయనకి కనిపించకుండా కొంగు కింద దాసుకుని కూసున్నాను. ఈ పెట్టెకి ఏటి పూసినావు?"

"మందమ్మా."

"ఏ మందు?"

"పడవ మందు."

"ఎన్ని పూతలు?"

"నాలుగు."

నిజం సెప్తన్నాను, నాలుగు అన్నప్పుడు కూడా నాకు కొంచెం గొప్పగానే ఉన్నాది. ఆ తర్వాత అర్థమైనాది.

"నీకేటీ కాలేదేటి మరి?" అని అడిగినాది అమ్మ.

"నాను కొబ్బరినూని రాసుకుంటాను కదమ్మా."

అమ్మ "దానికెవులు రాసినారు?" అంటాదేమో అని సూసినాను. అన్లేదు. అనుంటే బాగుండును.

"నీ ఒంటి మీద పుట్టిన కాడ్నించీ ఇదే కంపు. మీ నాయన మీదా ఇదే. నా ముక్కుకి అలవాటైపోనాది. దానికి తోడు నువ్వు దానికి రోజుకో కంపు పూసినావు" అన్నాది ఆఖరికి. అది ఆవిడ తనని తాను తిట్టుకోడం. నా బదులు.

డాక్టరమ్మకి ఫోన్ సేసినాను. "అమ్మా, ఆ ఇల్లు టేకు కాదమ్మా" అన్నాను. నా బతుకులో నాను పూస్తా వచ్చిన పూతలన్నీ ఆ ఒక్క మాటతో ఊడిపోనాయి. ఆవిడ తిట్టలేదు. వంటనూని గుడ్డతో మెల్లిగా తుడవమన్నాది, తర్వాత గోరెచ్చని నీటితో సబ్బు పెట్టి కడగమన్నాది, నాకనివ్వద్దన్నాది, మర్నాడు తీసుకురమ్మన్నాది. అమ్మని మనుసుల డాక్టరుకి సూపించమన్నాది.

నాను దగ్గరకెల్తే నెత్తలి ఒంట్లో ఓపిక లేకపోయినా మూతి ఇప్పి బుసకొట్టినాది. అందుకని అమ్మే సేసినాది, ఎడం సేత్తో. సూపు లేని మనిసి, ఒళ్లో పిల్లి, ఏళ్లతో పుండు ఎక్కడుందో ఎతుక్కుంటా తుడిసినాది. నాను గుమ్మం అవతల గిన్నె అందిస్తా నిల్సున్నాను. ఇంజెక్షన్లు, మందులు, మళ్లీ పేట, మళ్లీ ఇంజెక్షన్. నాలుగో రోజు నెత్తల్లు ఉడికించిన నీటిని అమ్మ ఏలితో రాస్తే నాకినాది. అమ్మ ఆ పూట అన్నం తిన్నాది. నాను దొడ్లోకి ఎల్లిపోనాను. ఎందుకంటే, కంట్లో నలక పడ్డాది. ఫైబర్ నలక కాదు, ఏదో నలక.

ఇంక రాములు. ఎర్రయ్య తాత దగ్గరకి ఎల్లి అందరి ముందూ సెప్పినాను. తాత కళ్లజోడు తీసి తుడుసుకుని మళ్లీ పెట్టుకున్నాడు. "బోటు ఎక్కడున్నాదో అక్కడ్నించి తెచ్చీ. ముందు బుజం నీదే" అన్నాడు. మళ్లీ మిట్టమజ్జానమే, మళ్లీ మైలు దూరమే. నాను ముందు తాడు పట్టుకుని ఈడుస్తన్నాను. రాములు బోటులో పెళ్లికొడుకులా కూసున్నాడు. "బావ, కొంచెం మెల్లిగా, దుమ్ము లెగుస్తన్నాది. ఎవుల పిల్లికైనా దురదెడతాది" అంటన్నాడు. రేవంతా నవ్వుతన్నాది. నూకాలు కూడా నవ్వినాది. అప్పుడే నాతో మాటాడ్డం మొదలెట్టినాది, ఇప్పుడు ఆపమన్నా ఆపడం లేదు.

పెట్టెని ఏటి సెయ్యాల? కాల్చబోతే అమ్మ వద్దన్నాది, జీడి పొగ కళ్లకి మంచిది కాదని. పోటు దిగుతన్న ఏల సూసి రేవులో తోసీసినాను. అలల మీద ఊగుకుంటా దూరంగా ఎల్లిపోనాది. పీడ పోనాదనుకుని ఇంటికొచ్చీసినాను.

మర్నాడు పొద్దున్న రాములు వాకిట్లో నిల్సుని పిలిచినాడు. "బావ, మీ పిల్లి ఇల్లు తిరిగొచ్చినాది. నా బోటు పక్కనే ఒడ్డెక్కినాది. తలుపు కూడా మూసే ఉన్నాది."

ఎల్లి తీసి సూసినాను. ఒక పలక కదల్లేదు. తలుపుకి సందులున్నా లోపల సుక్క నీరు లేదు. అది ముట్టని నాలుగు ఎండు నెత్తల్లు అలగే పొడిపొడిగా ఉన్నాయి. జిల్లాలో ఇంకెవులైనా కట్టగలరేటి అలాటిది, సెప్పు?

ఇదిగో, నాను కొంచెం గొంతు పెంచినాను కదా, నెత్తలి మంచం కిందకి దూరీసినాది. ఎదురు రాడం ఎప్పుడో మానీసినాది, నాను ఇంటికొస్తే ఇదే పని. ఆగు, ఇప్పుడు లోపల్నించి అడుగుతాది సూడు.

"ఎవుల్రా వాకిట్లో? కొత్తోలా?"

నానేనమ్మా. అప్పన్నని.

ఇన్నావా? రోజూ అడుగుతాది. నా గొంతు ఆవిడకి తెలీదేటి. తెలుసు. అయినా అడుగుతాది. నానూ రోజూ సెప్తాను. పిల్లి ఒప్పుకున్న రోజున మానేద్దువులే అంటాది.

ఏటి సూరీ, లెగుస్తన్నావు? కూసో, కూసో, టీ వచ్చీసినాది. అవును, ఆ పెట్టే. కంగారెందుకు, పైన గోనె పరిసినాను కదా. మూడు నెల్లు ఎండలో పెట్టినాను, ఆరిపోనాది. అంటే, నా లెక్కకి ఆరినట్టే. దురదేమైనా పుడితే సెప్పు. మందు నాకు తెలుసు.